ఎరువు సంచి చదివినట్లే బిడ్డ పొట్లమూ చదవండి



విత్తనం గురించో, ఎరువు గురించో, పురుగు గురించో చెప్పవలసిన వ్యవసాయ విస్తరణ అధికారి ఈ రోజు పసిబిడ్డల తిండి గురించి మొదలుపెట్టినాడేమిటి అని మీరు అనుకోవచ్చు. దానికి కారణమున్నది. మొదట ఆ కారణమే చెబుతాను.

ఆదోని పక్క పల్లెలో ఎరువుల అంగడి ముందు ఒక పెద్దాయన కనిపించినాడు. 20-20-0-13 సంచి కొంటున్నాడు. సంచిని అటూ ఇటూ తిప్పి చూసినాడు. నత్రజని ఎంత, భాస్వరం ఎంత, గంధకం ఎంత, బరువెంత, వెల ఎంత, అన్నీ చదివించుకొన్నాడు. "పొటాష్ సున్నా ఉంది గదా సారూ, అది వేరే వేయాల్నా?" అని నన్నే నిలదీసినాడు. నాకు చాలా సంతోషమైంది. అంతలో ఆయన చేతిసంచిలో ఒక అట్టడబ్బా కనిపించింది. పది నెలల మనవరాలికి కొన్న పొడి.

"పెద్దాయనా, దాంట్లో ఏమేమున్నాయి?" అని అడిగినాను.

"పిల్లల పొడి సారూ. మంచిదంట."

"ఎవరన్నారు?"

"అంగడాయన అన్నాడు."

ఎరువు విషయంలో అంగడాయన మాట నమ్మని మనిషి, మనవరాలి తిండి విషయంలో నమ్మేసినాడు. తర్వాత ఆ ఊరి అంగన్‌వాడీలో బిడ్డ తూకం కార్డు చూస్తే మూడు నెలలుగా గీత పైకి లేవలేదు. ఇంటికి పోయి అడిగితే సంగతి బయటపడింది. డబ్బా వెల ఎక్కువ, కాబట్టి ఎక్కువ రోజులు రావాలని ఒక చెంచా పొడిని నిండు గ్లాసు నీళ్లలో కలిపి తాపుతున్నారు. వాళ్లు బిడ్డను నిర్లక్ష్యం చేసినవాళ్లు కారు. ఉన్న డబ్బంతా దానికే పెడుతున్నవాళ్లు. అయినా బిడ్డకు ఆకలి తీరడం లేదు.

అంగట్లో దొరికే పిల్లల పొడి విషమా? కాదు. అమృతమా? అదీ కాదు. అది ధాన్యం, పాలు, నూనె, పంచదార, కొన్ని విటమిన్లు, కొంత ఇనుము కలిపిన పొడి. వాటిలో చాలా వరకు మన చేనిలో పండేవే. కొన్ని మాత్రం మన ఇంటి పిండిలో సరిపడా ఉండవు. ఏది ఉన్నది, ఏది లేదు అని తెలుసుకొంటే కొనాలో వద్దో మీరే తేల్చుకోగలరు.

ముందుగా ఒక తేడా గమనించండి. అంగట్లో రెండు రకాల పొడులున్నాయి. ఒకటి తల్లిపాలకు బదులుగా వాడే పాలపొడి. రెండవది ఆరు నెలలు నిండిన తర్వాత తల్లిపాలతోపాటు పెట్టే ధాన్యపు పొడి. రెండూ ఒకటే అనుకొని ఒకదాని బదులు ఇంకొకటి పెట్టరాదు.

మొదటిదాని సంగతి త్వరగా చెప్పేస్తాను. బిడ్డకు ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలు తప్ప మరేమీ అక్కరలేదు. నీళ్లు కూడా అక్కరలేదు. "ఆదోని ఎండలకు బిడ్డ నాలుక ఎండిపోదా?" అని అవ్వలు అడుగుతారు. ఎండిపోదు. తల్లిపాలలో వందకు ఎనభై ఏడు పాళ్లు నీళ్లే. ఎండాకాలంలో మరి రెండుసార్లు పాలిస్తే సరిపోతుంది. నీళ్లు తల్లి తాగవలసింది. ఏదైనా ఇబ్బంది వచ్చి పాలపొడి తప్పనిసరి అయితే అది వైద్యుడు చెప్పవలసిన మాట. అంగడాయన గానీ, ఇరుగుపొరుగు గానీ, నేను గానీ చెప్పవలసిన మాట కాదు.

ఈ విషయంలో మన దేశంలో గట్టి చట్టమే ఉన్నది. పాలపొడి కంపెనీల ప్రచారం వల్ల పేద దేశాలలో తల్లిపాలు మాన్పించడం పెరిగిందని గుర్తించి, 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక నియమావళి చేసింది. దానిని అనుసరించి మన పార్లమెంటు 1992లో చట్టం చేసి, 2003లో దానిని ఇంకా బిగించింది. దాని ప్రకారం రెండేళ్ల లోపు పిల్లల పొడులకు ప్రకటనలు చేయరాదు. ఉచితంగా నమూనాలు పంచరాదు. కొన్నవారికి బహుమానాలు ఇవ్వరాదు. డబ్బా మీద బిడ్డ బొమ్మ గానీ, తల్లి బొమ్మ గానీ వేయరాదు. తప్పు చేసినవారికి మూడేళ్ల దాకా జైలు, లేదా ఐదువేల దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. "ఈ పొడి మంచిదని ప్రకటనలో చూసినాము" అని ఎవరైనా అంటే, ఆ ప్రకటన పెద్దపిల్లల పానీయానిదై ఉండాలి, లేదా చట్టానికి విరుద్ధమైనదై ఉండాలి.

ఇక రెండవ రకం. ఆరు నెలలు నిండినాక తల్లిపాలు ఒక్కటే చాలవు. ఎంత చాలదో కూడా లెక్క ఉన్నది. తల్లిపాలు తాగుతున్న బిడ్డకు ఆరు నుంచి ఎనిమిది నెలల వయసులో రోజుకు 200 క్యాలరీలు పైతిండి వల్ల రావాలి. తొమ్మిది నుంచి పదకొండు నెలలలో 300. ఏడాది నుంచి రెండేళ్లదాకా 550. క్యాలరీ అంటే తిండి ఇచ్చే శక్తికి కొలత. ఎకరాకు ఇన్ని కిలోల నత్రజని అని చెప్పుకొన్నట్లే ఇది.

అయితే ఇందులో ఒక చిక్కున్నది. ఎనిమిది కిలోల బిడ్డ కడుపులో ఒక్కసారికి సుమారు పావు లీటరు మాత్రమే పడుతుంది. ఆ పావు లీటరు పలుచని నీళ్లజావతో నిండిపోతే బిడ్డ కడుపు నిండినట్లే ఉంటుంది, ఏడవదు, నిద్రపోతుంది. కానీ ఒంటికి చేరేది తక్కువ. పదహారు లీటర్ల ట్యాంకు నిండా నీళ్లు పోసి, మందు మూడో వంతే కలిపి పిచికారీ చేస్తే చేను తడుస్తుంది గాని పురుగు చావదు గదా. పెద్దాయన మనవరాలి విషయంలో జరిగినది అదే. పొడి ఎంత మంచిదైనా సరే, పలుచన చేస్తే దాని గుణం పోయినట్లే. కాబట్టి కొన్న పొడి వాడేవారు డబ్బా మీద రాసిన కొలత ప్రకారం మాత్రమే కలపండి. అలా కలిపితే నెలకు ఎన్ని డబ్బాలు కావాలో లెక్క వేసుకోండి. ఆ ఖర్చు మోయలేమనుకొంటే ఇంటిపిండికి మారండి. సగం కొలతతో సరిపెట్టుకోవద్దు.

పంచదార సంగతి కూడా చెప్పుకోవాలి. స్విట్జర్లాండులోని పబ్లిక్ ఐ అనే సంస్థ, పసిపిల్లల ఆహారం మీద పనిచేసే ఐబీఫాన్ అనే సంస్థతో కలిసి 2024 ఏప్రిల్‌లో ఒక నివేదిక వెలువరించింది. నెస్లే కంపెనీ మన దేశంలో అమ్ముతున్న సెరెలాక్ పొడులలో ఒక్కొక్క పూట మోతాదుకు సగటున మూడు గ్రాములకు కొంచెం తక్కువగా కలిపిన పంచదార ఉన్నదనీ, అదే కంపెనీ స్విట్జర్లాండు, జర్మనీ, ఇంగ్లండు దేశాలలో పంచదార కలపకుండా అమ్ముతున్నదనీ ఆ నివేదిక చెప్పింది. దేశమంతా దీని మీద చర్చ జరిగింది. తాము ఐదేళ్లలో కలిపిన చక్కెరను 30 శాతం దాకా తగ్గించినామనీ, భారత ప్రమాణాలకు లోబడే ఉన్నామనీ కంపెనీ జవాబు చెప్పింది. అదే ఏడాది అక్టోబరులో శుద్ధి చేసిన పంచదార లేని రకాలను కూడా తెస్తున్నట్లు ప్రకటించింది. అంటే ఒకే పేరుతో అంగట్లో పంచదార ఉన్న డబ్బా, లేని డబ్బా రెండూ ఉండవచ్చు. చదివి తీసుకోకపోతే మీకు ఏది వచ్చిందో మీకే తెలియదు.

మూడు గ్రాములంటే చెంచాకు తక్కువే గదా, దానికింత రాద్ధాంతమెందుకు అంటారేమో. రోజుకు మూడు పూటలు పెడితే అది రెండు చెంచాలవుతుంది. అంతకంటే ముఖ్యమైనది రుచి. ఆ వయసులో నాలుకకు ఏ రుచి అలవాటైతే తర్వాత అదే కావాలంటుంది. తీపి మరిగిన బిడ్డ పప్పన్నం తోసేస్తుంది, ఆకుకూర ఉమ్మేస్తుంది. రాబోయే పళ్లకు కూడా చేటు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనలలో కూడా రెండేళ్ల లోపు పిల్లలకు పంచదార కలపవద్దనే ఉన్నది. బెల్లం కూడా పంచదార జాతే. తేనె అయితే ఏడాది లోపు అసలు నాకించరాదు. దానిలో ఉండే ఒక రకం సూక్ష్మజీవి పసిబిడ్డకు ప్రాణం మీదికి తేగలదు.

ఇప్పుడు డబ్బా ఎట్లా చదవాలో చూద్దాం. ఎరువు సంచికి ముందువైపు బొమ్మ ఉంటుంది, లెక్క వెనుక ఉంటుంది. ఇదీ అంతే. వెనక్కి తిప్పండి.

మొదటిది, చేర్చిన పదార్థాల వరుస. ఏది ఎక్కువ బరువు ఉంటే అది ముందు రాయాలన్నది నియమం. ధాన్యం, పాలు ముందుండి పంచదార మూడోదో నాలుగోదో అయితే అది చిన్న విషయం కాదు. పంచదారకు మారుపేర్లు చాలా ఉన్నాయి: సుక్రోజ్, గ్లూకోజ్ సిరప్, ఫ్రక్టోజ్, తేనె. అవన్నీ ఒకే లెక్కలోకి వస్తాయి.

రెండవది, పోషకాల పట్టీలో "చేర్చిన చక్కెర" అన్న వరుస. అక్కడ సున్నా ఉంటే మేలు.

మూడవది, ఏ నెల నుంచి పెట్టవచ్చునో రాసిన మాట. ఆరు నెలల లోపు బిడ్డకు ధాన్యపు పొడి ఏదీ పనికిరాదు.

నాలుగవది, గడువు తేదీ, ఆహార భద్రత లైసెన్సు సంఖ్య. ఆ సంఖ్యలో 14 అంకెలుంటాయి. సంతలో విడిగా తూచి అమ్మే పేరులేని "హెల్త్ మిక్స్" పొడులకు ఇవేవీ ఉండవు. వాటి జోలికి పోవద్దు.

ఐదవది, వెలను బరువుతో భాగించడం. కిలోకు ఎంత పడుతున్నదో తేల్చండి. చదువుకొనే పిల్లలుంటే వాళ్లచేత లెక్క కట్టించండి. ఆ అంకె గుర్తుపెట్టుకోండి, మళ్లీ దాని దగ్గరికి వద్దాం.

ఇంటిపిండి గురించి చెప్పేముందు కొంచెం చరిత్ర చెప్పాలి. ఎందుకంటే ఇది మన వేరుశనగకు సంబంధించిన చరిత్ర. 1950లలో మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధనా సంస్థ మూడు పాళ్లు నూనె తీసిన వేరుశనగ పిండి, ఒక పాలు శనగపిండి కలిపి పేదల కోసం ఒక పోషకాహారం తయారు చేసింది. హైదరాబాదులోని పోషకాహార సంస్థ అంతకంటే సులువుగా, పల్లెటూరి ఇంట్లోనే చేసుకోగల మిశ్రమం తేల్చింది. దానికి హైదరాబాదు మిక్స్ అని పేరు. వేయించిన గోధుమలు 40 గ్రాములు, పుట్నాల పప్పు 16 గ్రాములు, వేయించిన వేరుశనగ పప్పు 10 గ్రాములు, బెల్లం 20 గ్రాములు. ఈ 86 గ్రాములలో 330 క్యాలరీలు, 11 గ్రాములకు పైగా మాంసకృత్తులు ఉన్నాయి. చిక్కిపోయిన పిల్లలను నిలబెట్టడానికి చేసిన మిశ్రమమిది.

ధాన్యం, పప్పు కలపడంలో మర్మమేమిటంటే, ధాన్యపు మాంసకృత్తులలో లైసిన్ అనే భాగం తక్కువ. పప్పులో అది ఎక్కువ. పప్పులో తక్కువైన మరొక భాగం ధాన్యంలో ఉన్నది. రెండూ కలిస్తే ఒకదాని లోటు ఇంకొకటి తీరుస్తుంది. వేరుశనగ నూనె శక్తిని పెంచుతుంది. మనం కొర్రలో కందిని అంతరపంటగా వేసుకొన్నట్లే, గిన్నెలో కూడా రెండూ కలవాలి. ఉత్త బియ్యపు గంజి, ఉత్త రాగిజావ, టీలో ముంచిన బిస్కత్తు ఒంటిపంట వంటివి.

మన పడమటి మండలాలకు తగినట్లు దీనిని ఇట్లా చేసుకోవచ్చు. కిలో పిండికి కొర్రలు గానీ, జొన్నలు గానీ, రాగులు గానీ 600 గ్రాములు. పుట్నాల పప్పు 250 గ్రాములు. పొట్టు తీసిన వేరుశనగ పప్పు, మనం బుడ్డలంటామే, అవి 150 గ్రాములు. బెల్లం వద్దు. బెల్లం తీసేస్తే మాంసకృత్తులకు లోటు రాదు, శక్తి మాత్రం కొంచెం తగ్గుతుంది. వండిన ప్రతి గిన్నెలో ఒక చిన్న చెంచా నెయ్యి గానీ, వేరుశనగ నూనె గానీ వేస్తే ఆ లోటు తీరిపోతుంది. తీపి కావాలంటే మాగిన అరటిపండు మెదిపి కలపండి.

ఏ ధాన్యం మంచిది? ఒక్కొక్కదానికి ఒక్కొక్క గుణం. వంద గ్రాముల రాగులలో 360 మిల్లీగ్రాములకు పైగా సున్నం ఉన్నది, బియ్యంలో పది మిల్లీగ్రాములు కూడా లేదు. మాంసకృత్తులలో మాత్రం రాగుల కంటే జొన్నలు, సద్దలు మెరుగు. సద్దలలో ఇనుము ఎక్కువ. కాబట్టి ఒక విడత జొన్న, ఒక విడత రాగి, ఒక విడత కొర్ర అని మార్చి చేసుకోండి.

చేసే విధానం. గింజలు ఏరి, కడిగి, ఎండబెట్టి, వేటికవి దోరగా వేయించాలి. బుడ్డలు పొట్టు ఊదేయాలి. మెత్తగా పట్టించాలి. మిరప్పొడి పట్టిన వెంటనే ఆ మరలో బిడ్డ పిండి పోయకండి. ఒకసారికి పదిహేను రోజులకు సరిపడా మాత్రమే పట్టించండి, ఎక్కువైతే బుడ్డల నూనె సిక్కువాసన వస్తుంది. తడిలేని డబ్బాలో మూతపెట్టి ఉంచండి. పూటకు పాతిక గ్రాముల పిండిని, అంటే రెండు పెద్ద చెంచాలను, ముప్పావు గ్లాసు నీళ్లలో ఉండలు లేకుండా కలిపి ఎనిమిది పది నిమిషాలు ఉడికించాలి. చెంచా వంచితే కారిపోకుండా నిలిచేటంత చిక్కగా ఉండాలి. ఆరు నుంచి ఎనిమిది నెలలలో రోజుకు రెండు మూడు పూటలు, తొమ్మిదో నెల నుంచి మూడు నాలుగు పూటలు. మొదటి రోజుల్లో రెండు చెంచాలతో మొదలుపెట్టి, దద్దురు గానీ, వాంతి గానీ వస్తుందేమో చూసుకొని పెంచండి. బుడ్డలు పొడిగానే పెట్టాలి. గింజ గింజగా చేతికిస్తే గొంతులో అడ్డుపడుతుంది, జాగ్రత్త.

"చిక్కగా చేస్తే బిడ్డ మింగదు, పలుచన చేస్తే బలం లేదంటారు, ఏం చేయాల?" అని ఒక అక్క అడిగింది. మంచి ప్రశ్న. దానికి మన పెద్దలకు తెలిసిన ఉపాయమే ఉన్నది, మొలకపిండి. రాగులను రాత్రంతా నానబెట్టి, తడిబట్టలో మూటకట్టి, ఒకటి రెండు రోజులు మొలక వచ్చేదాకా ఉంచి, ఆరబెట్టి, పొడి చేసుకోవాలి. మొలక వచ్చేటప్పుడు గింజలో పిండిని కరిగించే ఒక పదార్థం పుడుతుంది. చిక్కగా ఉడికిన జావను దించి, కొంచెం వేడి తగ్గినాక ఒక చిన్న చెంచా మొలకపిండి వేసి కలపండి. చూస్తుండగానే జావ జారుడవుతుంది. నీళ్లు పోయలేదు, బలం తగ్గలేదు. తర్వాత ఒక్క పొంగు రానిచ్చి, ఆరినాక పెట్టండి. మొలకపిండిని మాత్రం ఎక్కువ వేయించరాదు, ఎక్కువ వేడికి ఆ గుణం చచ్చిపోతుంది.

ఇప్పుడు వెల లెక్క. 2025-26 మద్దతు ధరల ప్రకారం రాగులు క్వింటాలుకు 4,886 రూపాయలు, వేరుశనగ కాయ 7,263 రూపాయలు, 2025 రబీ పప్పుశనగ 5,650 రూపాయలు. ఆ లెక్కన రాగులతో చేసిన కిలో పిండిలో పడే మన గింజల విలువ సుమారు అరవై రూపాయలు. పుట్నాలు అంగట్లో కొంటే, మర కూలి కలిపితే ఇంకొంచెం పెరుగుతుంది. ఇందాక మీరు తేల్చిన డబ్బా కిలో వెల పక్కన దీనిని పెట్టి చూడండి. నేనేమీ చెప్పనక్కరలేదు.

ఇంటిపిండిని ఇంతగా చెప్పిన తర్వాత దానిలోని లోటు దాచిపెట్టడం న్యాయం కాదు. డబ్బా పొడిలో ఇనుము, విటమిన్లు ప్రత్యేకంగా కలుపుతారు. మన పిండిలో ఇనుము ఉన్నా అది బిడ్డ ఒంటికి పట్టేది తక్కువ. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఐదేళ్ల లోపు పిల్లలలో దేశం మొత్తం మీద వందకు 67 మందికి రక్తహీనత ఉన్నట్లు తేలింది. మన రాష్ట్రంలో వందకు 31 మంది వయసుకు తగిన ఎత్తు పెరగలేదు. అందుచేత పిండి ఒక్కటే పెట్టి ఊరుకోరాదు. ఉడికించిన కోడిగుడ్డు మెదిపి పెట్టండి. మాంసం తినే ఇళ్లలో కారం లేకుండా మెత్తగా ఉడికిన కాలేయం ముక్క పెట్టండి. పప్పులో మునగాకు, తోటకూర మెత్తగా ఉడికించి, నాలుగు నిమ్మరసం చుక్కలు పిండండి. నిమ్మపులుపు ఇనుమును ఒంటికి పట్టిస్తుంది. టీ దానిని పట్టనీయదు, కాబట్టి బిడ్డకు టీ వద్దే వద్దు. ఇది కాక, ఆరు నెలలు నిండిన పిల్లలకు వారానికి రెండుసార్లు ఒక మిల్లీలీటరు చొప్పున ఇనుము మందు ఇవ్వాలని ప్రభుత్వ పథకమున్నది. ఆశా కార్యకర్తను అడిగి తీసుకోండి.

అంగన్‌వాడీలో మూడేళ్ల లోపు పిల్లలకు నెలకు రెండున్నర కిలోల బాలామృతం ఇస్తారు. గోధుమ, శనగపప్పు, పాలపొడి, పంచదార, నూనె కలిపి చేసే పొడి అది. రోజుకు వంద గ్రాముల చొప్పున ఒక్క బిడ్డకు ఉద్దేశించినది. ఇంట్లో ఐదుగురు లడ్డూలు చుట్టుకొని తింటే బిడ్డకు మిగిలేదేమీ ఉండదు. దానిలో తీపి ముందే ఉన్నది, కాబట్టి మళ్లీ పంచదార కలపకండి.

ఇక రైతుగా మీరు చూసుకోవలసిన అసలు విషయం. బుడ్డలు బిడ్డకు బలం, కానీ బూజు పట్టిన బుడ్డ బిడ్డకు విషం. పంట చివరిదశలో వాన మొహం చాటేసినా, పీకిన కాయ తడిసినా, సరిగా ఎండకముందే సంచికెత్తినా ఒక రకం పచ్చని బూజు పడుతుంది. అది అఫ్లటాక్సిన్ అనే విషాన్ని పుట్టిస్తుంది. కాలేయాన్ని దెబ్బతీస్తుంది. వేయించినంత మాత్రాన ఆ విషం పూర్తిగా పోదు. మన దగ్గర జరిగే పద్ధతేమిటి? మంచి కాయ యార్డుకు పోతుంది. ముడతలు పడినవి, రంగు మారినవి, పుచ్చినవి "ఇంటికి చాలులే" అని మిగులుతాయి. అవే బిడ్డ పిండిలోకి పోతాయి. ఈ పద్ధతి మానుకోవాలి. కాయ ఊపితే గలగలమనేదాకా ఎండబెట్టండి. కొలిచేముందు మొదటి గంపలోంచి ఐదు కిలోల మంచి కాయ బిడ్డ కోసం తీసి పక్కన పెట్టండి. వలిచినాక ముడత గింజ, నల్లబడిన గింజ, మొలకెత్తిన గింజ, పగిలిన గింజ ఏరి పారేయండి. పశువులకు కూడా వేయకండి, ఆ విషం పాలలోకి దిగుతుంది.

రెండవ మాట, పత్తి ధర బాగుందని గట్టు దాకా పత్తే వేస్తున్నాం. పది సెంట్లు విడిచిపెట్టండి. కొర్ర వేయండి. మూడు నెలల లోపే చేతికొస్తుంది. ఎకరాకు ఎనిమిది పది క్వింటాళ్లు పండే పంట, కాలం కలిసిరాక సగమే పండినా పది సెంట్లలో నలభై కిలోలు వస్తాయి. బిడ్డకు రోజుకు యాభై గ్రాముల పిండి చొప్పున ఏడాదికి పద్దెనిమిది కిలోలు. అందులో ధాన్యం పదకొండు కిలోలే. పొట్టు తీయగా తరిగిపోయినా మిగిలినది ఇంటిల్లిపాదికీ వస్తుంది.

సుగ్గికి పోయే తల్లులకు ఒక మాట. కోసిగి, కౌతాళం, మంత్రాలయం వైపు నుంచి గుంటూరు పక్క మిరప కోతకు, పత్తి తీతకు ఏటా ఎన్ని కుటుంబాలు పోతాయో మీకు తెలియనిది కాదు. చంకలో బిడ్డలతోనే పోతారు. అక్కడ చేనిగట్టు మీద బిస్కత్తు పొట్లం, టీ నీళ్లు బిడ్డకు తిండవుతాయి. పోయేముందు రెండు మూడు కిలోల ఈ పిండి పట్టించుకొని పోండి. ఉదయం సంగటి వండే పొయ్యి మీదే పది నిమిషాల పని. వండినది రెండు గంటలకు మించి ఉంచకండి. పాలసీసా వద్దు, గిన్నె, చెంచా చాలు. సీసాను చేను దగ్గర శుభ్రం చేయడం అయ్యే పని కాదు, దాని వల్లనే విరేచనాలు వస్తాయి. ఇక్కడి అంగన్‌వాడీలో చెప్పి, పోయినచోట కేంద్రంలో బిడ్డ పేరు రాయించండి.

నా తోటి విస్తరణ ఉద్యోగులకు కూడా ఒక విన్నపం. రైతు సేవా కేంద్రంలో ఎరువు సంచి చదవడం నేర్పేటప్పుడు, పక్కన ఒక పిల్లల పొడి డబ్బా కూడా పెట్టి చదివించండి. పది నిమిషాలు చాలు. అంగన్‌వాడీ కార్యకర్త దగ్గర చేతి చుట్టుకొలత పట్టీ ఉంటుంది. ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపు బిడ్డకు భుజానికి, మోచేతికి నడుమ కొలిస్తే పన్నెండున్నర సెంటీమీటర్ల కంటే తక్కువ వచ్చిందా, జాగ్రత్త పడాలి. పదకొండున్నర కంటే తక్కువైతే పిండితో, డబ్బాతో సరిపోదు, వెంటనే ఆస్పత్రికి పంపాలి. పంట చూడటానికి పోయిన ఇంట్లో బిడ్డ కనిపిస్తే ఆ మాట అడగడం మన పని కాదని అనుకోవద్దు.

చివరగా ఆ పెద్దాయన సంగతి. ఆయన డబ్బాను మానలేదు. కోడలికి ఇష్టమని ఉదయం పూట మాత్రం ఉంచినారు. కానీ పంచదార లేనిది చూసి తెచ్చినారు, కొలత ప్రకారం కలుపుతున్నారు. మిగిలిన పూటలు జొన్న, పుట్నాలు, బుడ్డల పిండి, గుడ్డు, పప్పన్నం. రెండు నెలల తర్వాత తూకం కార్డులో గీత కొంచెం పైకి లేచింది. ఇంకా ఉండవలసిన చోటికి రాలేదు, వస్తుంది. మొన్న కనిపించి, "సారూ, ఎరువుకు 20-20 ఉన్నట్లు దీనికీ ఒక అంకె ఉంటే బాగుండును" అన్నాడు. ఉన్నది పెద్దాయనా: ఆరు పాళ్లు ధాన్యం, రెండున్నర పాళ్లు పప్పు, ఒకటిన్నర పాళ్లు బుడ్డలు, పంచదార సున్నా. ఈ అంకె మీరందరూ గుర్తుపెట్టుకోండి.